తిప్పి పంపిన చీటీలు

పెద్ద డాక్టరు క్లినిక్‌కి సరిగ్గా ఎదురుగా టైర్ల కొట్టు ఖాళీ అయిందని తెలిసిన రోజే చిన్న డాక్టరమ్మ దాన్ని అద్దెకు మాట్లాడేసుకుంది. మూడుసార్లు సున్నం వేయించినా గోడలకు పట్టిన రబ్బరు వాసన పోలేదు.

"ఇన్ని వీధులుండగా వెళ్ళి వెళ్ళి ఆయన ముఖాన పెట్టావేంటే?" అంది అమ్మ.

"ఆ ముఖం నాకు రోజూ కనపడాలి" అంది కూతురు.

ఎందుకని అమ్మ అడగాల్సిన అవసరం లేదు.

అప్పటికి పంతొమ్మిదేళ్ళ కిందట, కూతురు ఆరో తరగతిలో ఉండగా, అన్నయ్యకు పొద్దున్నే బొడ్డు చుట్టూ నొప్పి మొదలైంది. బస్సు డ్రైవరుగా పనిచేసే నాన్న డ్యూటీ మానేసి వాణ్ణి పెద్ద డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు. ఆయన చొక్కా కూడా పైకి ఎత్తించకుండా, పైపైన చెయ్యి వేసి, "అజీర్తి. రెండు పూటలు సిరప్ తాగితే సర్దుకుంటుంది" అన్నాడు. మర్నాటికి నొప్పి కుడిపక్కకు, కిందికి దిగింది. వాంతులు, జ్వరం. నాన్న మళ్ళీ తీసుకెళ్ళాడు. "మందు పనిచెయ్యడానికి టైమివ్వాలి కదయ్యా, నీ బస్సనుకున్నావా?" అని జోకు వేసి పంపించాడు ఆయన. మూడోరోజు పేగు పగిలిపోయింది. పెద్దాసుపత్రిలో కోసి చూసేసరికి చెయ్యి దాటిపోయింది.

అన్నయ్య పోయినందుకే అయితే ఆమె ఏడ్చి ఊరుకునేదేమో. కానీ ఆ సాయంత్రం పెద్ద డాక్టరు ఆసుపత్రి వరండాలోకి వచ్చి, నలుగురూ వింటుండగా నాన్నతో అన్నాడు: "ఇంత ఆలస్యంగానా తీసుకొచ్చేది? రెండురోజులు నాన్చితే ఎవరు మాత్రం ఏం చేస్తారు?" చదువుకున్న మనిషి అన్న మాట కాబట్టి అందరూ నమ్మారు. విచిత్రం, నాన్న కూడా నమ్మాడు. ఆ తర్వాత బతికిన తొమ్మిదేళ్ళూ అన్నం ముందు కూర్చున్నప్పుడల్లా, "ఇంకోచోటికి తీసుకెళ్ళి ఉండాల్సింది" అనేవాడు. ఎవరూ అడక్కుండానే అనేవాడు.

ఆమె పళ్ళు బిగించి డాక్టరీ చదివింది. బోర్డు మీద తన పేరుతో పాటు నాన్న ఇంటిపేరు కూడా పెద్ద అక్షరాలతో రాయించింది.

మొదట్లో ఆమె దగ్గరికి వచ్చినవాళ్ళంతా ఆయన మందు పనిచెయ్యక విసిగిపోయినవాళ్ళే. ఒక లెక్కల మాస్టారు ఆరునెలలుగా నీరసానికి ఇంజెక్షన్లు చేయించుకుంటున్నాడు.

"దాహం వేస్తుందా?"

"బిందెలకు బిందెలు తాగేస్తున్నానమ్మా."

"రాత్రిళ్ళు ఎన్నిసార్లు లేస్తారు?"

"పడుకుంటే కదా, లేవడానికి!"

వేలి చివర సూదితో పొడిచి చుక్క రక్తం చూస్తే చక్కెర ఆకాశాన్ని అంటుతోంది. ఇంకోసారి ఒక దర్జీ ఆవిడ వచ్చింది. నాలుగు మెట్లెక్కితే ఆయాసం. 'నరాల బలహీనత, కంగారు మనిషి' అని ఆయన చీటీ. కింది కనురెప్ప లాగి చూస్తే తెల్లకాగితంలా ఉంది. ఒంట్లో రక్తమే లేదు. మూడు వారాల నుంచి దగ్గుతూ, సాయంత్రానికల్లా ఒళ్ళు వెచ్చబడి, ప్యాంటు జారిపోయేలా చిక్కిపోయిన ఒక కొరియరు మనిషికి ఆయన రాసిచ్చింది దగ్గు మందు. అతనికున్నది క్షయ.

ప్రతిసారీ ఆమె ఒక్కటే పని చేసేది. ఆయన చీటీని వెనక్కి తిప్పి అసలు జబ్బు పేరు ఎర్రసిరాతో రాసేది. "మందులు కొనుక్కుని వెళ్తూ వెళ్తూ, ఈ చీటీ ఎదురు క్లినిక్‌లో ఆయన చేతికే ఇవ్వండి. కాంపౌండరుకు కాదు" అనేది. మనిషి రోడ్డు దాటుతుంటే కిటికీ దగ్గర నిలబడి చూసేది. ఆయన కళ్ళజోడు సవరించుకుని చీటీ చదువుతాడు, మడిచి సొరుగులో పెట్టుకుంటాడు. అంతే. ఒక్కసారి కూడా తలెత్తి ఇటు చూడలేదు. ఆ చూడకపోవడం ఆమెకు ఇంకా కసి పెంచేది. మూడేళ్ళు తిరిగేసరికి అటు బెంచీలు ఖాళీ అయ్యాయి, ఇటు కూర్చోవడానికి చోటు లేదు.

ఒక సోమవారం, పదిన్నర వేళ, వీధి చివరి వడ్రంగి వచ్చాడు. యాభై దాటిన మనిషి, రాయిలాంటి ఒళ్ళు. చేతిలో పెద్ద డాక్టరు చీటీ. 'గుండె. వెంటనే పెద్దాసుపత్రికి వెళ్ళాలి' అని వంకర అక్షరాలతో రాసి ఉంది.

"పొద్దున బీరువా ఎత్తాను డాక్టరమ్మా. అప్పట్నుంచి ఇక్కడ మంట" అంటూ రొమ్ముకూ పొట్టకూ మధ్య అరచెయ్యి పరిచి చూపించాడు. "గుండె జబ్బంటాడాయన. నాకు గుండేంటి? మీరు చెబితే నమ్ముతాను."

మీరు చెబితే నమ్ముతాను. ఆ మాట ఆమె చెవులకు ఎంత ఇంపుగా తగిలిందో చెప్పలేం. ఈసీజీ తీసింది. గీతలు మామూలుగానే ఉన్నాయి. మొదటి గంటలో గుండె జబ్బుకు కూడా గీతలు ఒక్కోసారి మామూలుగానే ఉంటాయని, అరగంట ఆగి మళ్ళీ తియ్యాలని ఆమెకు తెలుసు. చెమటలు పట్టాయా, దవడలోకి లాగుతోందా అని అడగాలనీ తెలుసు. అతని చొక్కా కాలరు తడిసి ఉండడం కూడా కంటపడింది. అడగాల్సిన ప్రశ్న నాలుక చివరిదాకా వచ్చింది. అడగలేదు. ఆయనకు పొట్టకూ గుండెకూ తేడా తెలిసింది ఎప్పుడు గనక!

చీటీ తిప్పి 'ఎసిడిటీ' అని రాసింది. కింద రెండు గీతలు కూడా కొట్టింది. "ఈ మందు తాగండి. ఇది మాత్రం ఆయనకు మర్చిపోకుండా చూపించండి" అంది. వడ్రంగి నవ్వుకుంటూ రోడ్డు దాటాడు.

రెండు నిమిషాలు కాలేదు. పెద్ద డాక్టరు వడ్రంగిని రెక్క పట్టుకుని రోడ్డుకు అడ్డంగా తీసుకొచ్చేస్తున్నాడు. కాళ్ళకు చెప్పులు లేవు. బండ్లవాళ్ళు బ్రేకులు వేసి తిడుతున్నారు. ఈసీజీ మిషను ఉన్నది ఆమె దగ్గరే కాబట్టి సరాసరి ఆమె గదిలోకి వచ్చి వడ్రంగిని బల్లమీద పడుకోబెట్టాడు. గుమ్మంలో జనం గుమిగూడారు.

"మళ్ళీ తియ్యమ్మా" అన్నాడు.

"తీశాను. మామూలుగానే ఉంది."

"మళ్ళీ తియ్యి అంటున్నాను కదా!"

కాగితం బయటికి వస్తుండగానే ఆమె దాన్ని లాగి చూసింది. గీతలు గోడల్లా లేచాయి. ఆస్పిరిన్ నమిలించి, ఆంబులెన్సు పిలిచి, దించుకున్న తలతోనే అన్నీ చేసింది. వడ్రంగిని తీసుకెళ్ళాక ఆయన తలుపు దగ్గరికి వేశాడు.

"చెప్పింది నేను కాబట్టి కొట్టిపారేశావు. అవునా?"

"అవును" అంది. అబద్ధం చెప్పడానికి ఓపిక లేదు. "నేనెవరో తెలుసా మీకు?"

"బోర్డు మీద ఇంటిపేరు చూసిన రోజే తెలుసు. బస్సు డ్రైవరు కూతురివి."

"మూడేళ్ళుగా తెలిసీ ఒక్క మాటైనా..."

"ఏం మాట్లాడను? నువ్వు తిప్పి పంపిన చీటీలన్నీ ఉన్నాయి నా దగ్గర. ఇవాళ్టిది తప్ప ఒక్కటీ తప్పు కాదు."

ఆమె కుర్చీలోంచి లేచింది. "మా నాన్న ఆలస్యం చేశాడా?"

ఆయన గోడవైపు తిరిగాడు. "లేదు. మొదటిరోజే తెచ్చాడు. రెండోరోజూ తెచ్చాడు. చొక్కా ఎత్తి కుడిపక్క నొక్కి ఉంటే నాకు తెలిసిపోయేది. వరండాలో అంతమంది నావంక చూస్తుంటే భయమేసింది. నోటికొచ్చింది అనేశాను."

"ఈ మాట మా అమ్మకు చెప్పండి. నడవండి, ఇప్పుడే."

"అది మాత్రం అడక్కు తల్లీ. నావల్ల కాదు."

"మా నాన్న తొమ్మిదేళ్ళు మోశాడు. మీవల్ల ఒక్క పూట కాదా?"

ఆయన తలుపు తీసుకుని వెళ్ళిపోయాడు. చెప్పులు లేని కాళ్ళతో, ఈసారి మెల్లగా, బండ్లకు దారిస్తూ.

ఆ సాయంత్రం ఆమె పెద్దాసుపత్రికి వెళ్ళింది. వడ్రంగి గండం గట్టెక్కాడు. బయట బెంచీ మీద కూర్చున్న అతని భార్య లేచి ఆమె రెండు చేతులూ పట్టుకుంది. "మీ బల్లమీదే ప్రాణం నిలబెట్టారటమ్మా, అందరూ చెప్పారు" అంది.

ఊరుకుంటే సరిపోయేది. ఎవరికీ తెలిసేది కాదు. కానీ ఆమె కళ్ళముందు ఆ వరండా, నలుగురి మధ్యా తలదించుకున్న నాన్న. పెద్ద డాక్టరుకు చేతకాని పని తను చేసి చూపిస్తే అంతకు మించిన దెబ్బ ఆయనకు లేదనిపించింది. ఆ క్షణంలో ఆమెను నడిపించింది మంచితనమో, పంతమో ఆమెకే తెలియదు.

"నిలబెట్టింది నేను కాదు. ఎదురు డాక్టరుగారు గుండె అని సరిగ్గానే చెప్పారు. ఆయన మీద పగతో నేను కాదని పంపేశాను. ఆయన మళ్ళీ లాక్కురాకపోతే మీ ఆయన ఈపాటికి లేడు" అంది, బెంచీల మీద ఉన్నవాళ్ళందరికీ వినపడేలా.

వడ్రంగి భార్య పట్టుకున్న చేతులు వదిలేసింది. "పగలుంటే మీరూ మీరూ తీర్చుకోవాలి. మధ్యలో మా ఆయనెందుకు?" అంది.

మర్నాటికి వీధి వీధంతా తెలిసింది. మూడోరోజుకల్లా బెంచీలు అటు నిండి, ఇటు ఖాళీ అయ్యాయి. దర్జీ ఆవిడ మాత్రం మాత్రలకోసం వచ్చి, ఏమీ ఎరగనట్టు కూర్చుని, వెళ్ళేటప్పుడు "అలవాటైన చెయ్యి కదా" అంది. చిన్న డాక్టరమ్మ రోజంతా గుమ్మం చూస్తూ కూర్చునేది. చేసినందుకు చింత లేదు గానీ, చేసి సాధించిందేమిటో అర్థమయ్యేది కాదు.

శుక్రవారం ఇంటికి వెళ్ళేసరికి అమ్మ వంటింట్లో నేలమీద కూర్చుని ఉంది. పొయ్యి వెలిగించలేదు.

"మధ్యాహ్నం ఆయనొచ్చాడు" అంది.

ఆమె చేతిలో సంచీ జారిపోయింది. "ఏమన్నాడు?"

"గుమ్మం బయటే నిలబడి చెప్పాడు. మీ నాన్న తప్పేం లేదట. అంతా తన తప్పేనట. పక్కింటివాళ్ళు బయటికొచ్చి చూస్తున్నా ఆపలేదు, గట్టిగానే చెప్పాడు."

"నువ్వేమన్నావు?"

"నాకెందుకు చెబుతున్నావు, చెప్పాల్సిన మనిషి పోయి పదమూడేళ్ళయింది అన్నాను. మంచినీళ్ళడిగాడు. ఇవ్వలేదు."

ఆమె అమ్మ పక్కనే నేలమీద చతికిలబడింది. ఆ గుమ్మంలో ఆ మనిషి తలదించుకుని నిలబడడం చూడాలని ఇరవై రెండేళ్ళు ఎదురుచూసింది. తీరా అది జరిగిన వేళకు తను క్లినిక్‌లో ఖాళీ బెంచీలకు కాపలా కాస్తోంది.

"ఏడ్చాడా అమ్మా?" అని అడిగింది, చిన్నపిల్లలా.

"ఏమో. తలుపు వేసేశాను" అంది అమ్మ.