సంతకొకటి

కొండ మీద వారాన్ని సంతతో కొలుస్తారు. చుట్టం మళ్లీ ఎప్పుడొస్తాడని అడిగితే "పై సంతకి" అంటారు. అక్కడే పుట్టి పెరిగిన ఆశా కార్యకర్త భానుకు ఇది ఒకరు చెప్పాలా? అందుకే మోకాళ్ల నొప్పులకు డాక్టరు వారానికొకటి రాసిన డి విటమిన్ మాత్రల్ని సోములమ్మ చేతిలో పెట్టి, "సంతకొకటి ఏసుకో పిన్నీ" అంది. అర్థమయ్యేలా చెప్పానని లోలోపల మురిసింది కూడా.

నాలుగు నెలలకు సోములమ్మ వాంతులతో, తీరని దాహంతో ఆసుపత్రిలో చేరింది. విటమిన్ మితిమీరి రక్తంలో కాల్షియం పెరిగిందని, కిడ్నీలు దెబ్బతిన్నాయని డాక్టరు చెప్పాడు.

"వారానికొకటే కదండీ" అని భాను వాదించబోయింది. అంతలో మంచం కింద పసుపు బుట్ట కనిపించింది. సోములమ్మ పసుపు అమ్మే మనిషి. వారంలో అయిదు రోజులు అయిదు ఊళ్ల సంతలు తిరుగుతుంది.

సోములమ్మ భాను చెయ్యి పట్టుకుంది. "నువ్వు సెప్పినట్టే ఏసుకున్నాను గుంటా. అయిపోతే కొనుక్కుని మరీ ఏసుకున్నాను. ఒక్క సంతా తప్పనేదు."