రాజనర్సు వెంట వచ్చిన గది

రోజూ పొద్దున్నే రాజనర్సు మాప్ పట్టుకుని ఆఫీసులోకి రావాలంటే రెండు తలుపులూ బార్లా తెరవాల్సిందే. ఆయనతో పాటు ఆయన జైలు గది కూడా వస్తుంది మరి! చాప పరిచేంత గది. మూడు వైపులా సున్నం పెచ్చులూడిన గోడలు, ముందు ఊచల తలుపు, దానికి బయటివైపు గొళ్ళెం. ఆయన అడుగేస్తే అదీ అడుగేస్తుంది. ఊచల్లోంచి మాప్ కర్ర చాపి నేలంతా అద్దంలా తుడిచి పెడతాడు. ఫరీజ్ బిన్ మహమూద్ పేటలోని ఆ బిల్డింగ్ వాచ్‌మన్ ఆయన్ను చూడగానే సామాన్ల లిఫ్టు పిలిచి, "యల్లా, పద పద, గోడ తగలకుండా ఎక్కు" అంటాడు. అంతకుమించి ఎవరూ ఏమీ అనరు. ఎవరి డ్యూటీ వాళ్ళది.

జగిత్యాల దగ్గరి ఊళ్ళో బోరు నీళ్ళ వంతు కాడ కొట్లాడి, చిన్నాయన కొడుకు తిరుమల్ భుజాన్ని పార కర్రతో విరగ్గొట్టి రాజనర్సు జైలుకు పోయాడు. శిక్ష అయిపోయి గేటు తీస్తే గది కూడా ఆయన వెంటే నడిచొచ్చింది. జైలరు గొళ్ళెం లాగి చూశాడు, రాజనర్సు భార్య గంగామణి కాలు తన్నిపెట్టి మరీ లాగింది. ఊహూఁ! తాను లోపలుండగా పుట్టిన బిడ్డను రాజనర్సు ఇప్పటిదాకా ఒక్కసారి ఎత్తుకోలేదు. ఆ పిల్ల ఊచల సందులోంచి నాన్న వేలు పట్టుకుని ఆడుకునేది. ఆ బాధ పడలేకే గదితో సహా విమానమెక్కాడు. గల్ఫ్‌లో ఏ దేశం పోయినా ఊళ్ళో మాత్రం దుబాయ్ పోయిండనే చెప్పుకుంటారు.

ఇంతలో, బిల్డింగుల ప్లాన్లు గీసే ఆ ఆఫీసుకు ఓ కొత్త జైలు డిజైన్ చేసే పని వచ్చింది. ఏ దేశానిదో బయట చెప్పొద్దని అందరి దగ్గరా మాట తీసుకున్నారు. పని భానుమతి చేతికి వచ్చింది. కాకినాడ మనిషి, పట్టు పట్టిందంటే వదలదు. ఆమె మీద మేనేజరు నిరంజన్.

"గోడలు ఇంకా ఎత్తు లేపండి మేడం, కెమెరాలు పెంచండి. బయట జనం సేఫ్‌గా ఉండాలి కదా" అన్నాడు నిరంజన్.

"లోపలికెళ్ళినవాడు ఎప్పటికైనా బయటికొస్తాడండీ. వచ్చి ఎవరో ఒకరి పక్కింట్లో ఉంటాడు. ఎలాంటివాడు రావాలన్నది మనం ఇప్పుడే ఆలోచించాలి."

"మనం గీసేది గోడలు మేడం, మనుషుల్ని కాదు."

"గోడలు మోసుకుని తిరిగే మనిషి మీ కాళ్ళ దగ్గరే తుడుస్తున్నాడు, చూడండి" అంది భానుమతి. నిరంజన్ కాళ్ళు పైకెత్తుకున్నాడు.

ముందు ఆ ఒక్క గదిని బాగు చేయగలిగితే కొత్త జైలు ఎలా ఉండాలో తెలుస్తుందనుకుందామె. డ్రిల్లింగ్ వాళ్ళను పిలిపించి కిటికీ పెట్టించింది, తెల్ల రంగు వేయించింది. తెల్లారేసరికి కిటికీ పూడుకుపోయింది, రంగు కింద నుంచి చెమ్మ పైకి తేలింది.

"ఇడ్సిపెట్టుండ్రి మేడం" అన్నాడు రాజనర్సు. "జైలంటే గిట్లనే ఉండాలె. నేనేమన్న మంచి పని చేసిన్నా?"

"శిక్ష అయిపోయిందిగా. ఇంకా లోపలెందుకున్నావ్? నువ్వు కొట్టిన మనిషితో ఎప్పుడైనా మాట్లాడావా?"

"యాడ మాట్లాడుత? మా నడుమ నీళ్ళే బందయినయి. వాడు నా చేతి నీళ్ళు ముట్టడు, నేను వాని గడప తొక్క."

వాళ్ళ వైపు పగపడ్డ దాయాదులు ఒకరి చేతి నీళ్ళు ఇంకొకరు తాగరు. గొంతెండి పోతున్నా సరే తాగరు.

"ఇప్పుడెక్కడున్నాడు?"

"ఈడనే, అల్ వక్రాల వాచ్‌మన్."

"ఓరి భగవంతుడా! మెట్రో ఎక్కితే చేరే చోట ఉన్నాడా!"

ఆ రోజే ప్లాన్‌లో ఇంకో గది చేరింది. దెబ్బ కొట్టినవాడూ తిన్నవాడూ ఎదురెదురుగా కూర్చునే గది. నిరంజన్ దాన్ని ఎర్ర పెన్నుతో కొట్టేశాడు. ఈవిడ ఊరుకుంటుందా? కంపెనీ గోడౌన్లో ప్లైవుడ్డుతో అచ్చం అలాంటి గదే కట్టించి, అల్ వక్రాకు స్వయంగా వెళ్ళి తిరుమల్‌ను పిలిచింది.

"నన్ను అడిగినోళ్ళు మీరే మొదలు" అన్నాడతను. "ఇన్నొద్దులు అందరు వాని గురించే మాట్లాడిన్రు."

శుక్రవారం వచ్చాడు. గుమ్మంలోనే ఆగిపోయాడు. తన కుర్చీ లోపలెక్కడో మూలకుంది, తలుపుకూ ఆ కుర్చీకీ మధ్య రాజనర్సు! రెండడుగులు వెనక్కి వేశాడు. అటునుంచటే వెళ్ళిపోయాడు.

"ఛీ, నా తెలివి తగలెయ్య!" అని తలకొట్టుకుంది భానుమతి. లోపలివాడి గురించే ఆలోచించింది తప్ప, దెబ్బ తిన్నవాడికి భయం ఉంటుందని తట్టనే లేదు. ముందు అతను నిబ్బరంగా కూర్చోగలగాలి. గోడ కోయించి రెండో తలుపు పెట్టించింది. తిరుమల్ కుర్చీ ఆ తలుపుకు ఆనుకుని, మధ్యలో బల్ల, అవతల తన ఊచల వెనక రాజనర్సు.

మరుసటి శుక్రవారం తిరుమల్ ఆ తలుపు తీసి, మూసి, మళ్ళీ తీసి చూసుకుని కూర్చున్నాడు. నిరంజన్ కూడా వచ్చి గోడకానుకుని నిలబడ్డాడు.

"భుజం ఎట్లున్నది?" అడిగాడు రాజనర్సు.

"లేస్తలేదు. సెంట్రింగ్ పని పోయింది. గేటు కాడ కూసుంటున్న."

"ఆ దినం బోరు కాడ వంతు నీదే. నాకెరికే. ఎరికుండే కొట్టిన."

తిరుమల్ విరిగిన భుజాన్ని ఇంకో చేత్తో పట్టుకున్నాడు. "మాఫ్ చెయ్యమని అడుగకు. చెయ్య."

"అడుగ."

ఏసీ లేని గోడౌను. ఉక్కపోతకు అందరి చొక్కాలూ తడిసిపోయాయి. "దూపయితున్నది" అన్నాడు తిరుమల్, ఎటో చూస్తూ.

భానుమతి చూపు నీళ్ళ సీసా మీదికి పోయింది. సీసా, గ్లాసు రాజనర్సు దగ్గరే ఉన్నాయి. ఆయన గబగబా నీళ్ళు పోసి గ్లాసు అందించబోయాడు. ఊచల సందులో పట్టలేదు. పక్కకు వంచితే నీళ్ళన్నీ ఒలికిపోయాయి. మళ్ళీ పోశాడు, మళ్ళీ ఒలికాయి. తానే వెళ్ళి అందిద్దామని భానుమతికి కాలు ముందుకు పడింది. పళ్ళ బిగువున ఆగింది. ఆ నీళ్ళు ఆ చేతి నుంచే అందాలి.

తిరుమల్‌కు చిర్రెత్తుకొచ్చింది. "నీళ్ళన్ని నేలపాలు చేస్తున్నవ్!" అంటూ లేచి, బాగున్న చేత్తో గొళ్ళెం లాగాడు. అది నూనె రాసినట్టు జారింది. "బయటికొచ్చి సక్కగ పొయ్యి."

రాజనర్సు బయటికి అడుగేశాడు. గది మాత్రం ఉన్నచోటే ఉండిపోయింది. ఆయన వెనక్కైనా చూడలేదు. రెండు చేతులతో సీసా పట్టుకుని గ్లాసు నిండా పోశాడు.

"మేడం, ఈ గది ప్లాన్‌లో ఉండనీయండి" అన్నాడు నిరంజన్ మెల్లగా.

"రెండు తలుపులతోనా?"

"రెండు తలుపులతోనే."

తిరుమల్ నిలబడే గటగటా తాగేశాడు. మూతి తుడుచుకుని ఖాళీ గ్లాసు ముందుకు చాపాడు.

"ఇంకింత పొయ్యన్నా."