జావా ముట్టని మేత

రెక్కల గుర్రం కట్టుకథ అని ఎవరన్నారో గానీ ఇది ఎగిరే కదా వచ్చింది, ఆస్ట్రేలియా నుంచి ఎనిమిది గంటలు, మబ్బుల మీద, అదీ నిలబడి, ఒక్క గడియ నడుం వాల్చకుండా, తనేమో నిరుడు హైదరాబాదు నుంచి మెత్తని సీట్లో ఒళ్ళు విరుచుకుంటూ వచ్చి కూడా మూడు రోజులు ముద్ద ముట్టలేదు, అలాంటిది సముద్రం దాటొచ్చిన ఈ మహానుభావుడు రెండు రోజులుగా నాలుగు పోచలు కొరికి వదిలేస్తే వింతేముంది అని ఏడుకొండలు తనకు తాను సర్దిచెప్పుకున్నాడు, చెప్పుకున్నాడే గానీ మనసు సర్దుకోలేదు, మనిషి కడుపు సంచి, ఖాళీగా ఉన్నా పడి ఉంటుంది, గుర్రం కడుపు పిండిమర, గింజ పడుతున్నంతసేపే తిరుగుతుంది, ఆగిందా పేగు మెలిక పడుతుంది, మెలిక పడిందా ఇక గుర్రం ఫొటోలోనే, మలక్‌పేట గుర్రపుశాలల్లో ఇరవై రెండేళ్ళలో రెండుసార్లు చూశాడు, మూడోసారి చూడలేడు, పొద్దున చైనీస్ డాక్టరమ్మ పొట్టకు చెవిగొట్టం ఆనించి చాలాసేపు విన్నది, జ్వరం లేదు, పళ్ళు బాగున్నాయి, పేగు చప్పుడు మాత్రం సన్నబడింది, ప్రయాణపు బెదురు, సాయంత్రం అయిదింటికి వస్తా, అప్పటికీ తినకపోతే ముక్కులో గొట్టం వేసి ఆసుపత్రికి తీసుకుపోతా అన్నది, ఇప్పుడు నాలుగు, బయట వాన, ఈ పరదేశపు దీవిలో వాన కూడా టైం తప్పదు.

దాని పేరు జావా, మొదటిరోజు విని ఏడుకొండలు పకపకా నవ్వాడు, ఇది గుర్రమా గంజినీళ్ళా అని, పేరు పెట్టింది మహీధర్ సారు, చాంగీ బిజినెస్ పార్కులో ఆయన కంప్యూటర్లతో మాట్లాడే భాషట అది, రెండువేల సంవత్సరం వస్తే కంప్యూటర్లకు గండం అని లోకమంతా హడలిపోయిన ఏడు ఆయనకు యోగం పట్టింది, ఆ యోగం మీదే కూతురు రుచితకు గుర్రం వచ్చింది, మీకు డేటా, నాకు దాణా, ఇద్దరం మేపేటోళ్ళమే సార్ అంటే ఆయన భుజం తట్టి మరీ నవ్వాడు, ఇప్పుడేమో గంటకోసారి ఫోను, ఏడుకొండలూ, ఏమన్నా తిన్నాడా, ఆ గొంతులో నవ్వు లేదు, జావా జావైనా తాగుతలేదు సార్ అని నోటిదాకా వచ్చింది, మింగేశాడు, ఎందుకంటే నిజంగానే గోరువెచ్చని తవుడు జావ పెట్టాడు, గడ్డి తడిపి పెట్టాడు, నీళ్ళలో యాపిల్ రసం కలిపాడు, క్యారెట్టు సన్నగా చీల్చి పెట్టాడు, అన్నీ కొంచెం కొంచెంగానే, డాక్టరమ్మ చెప్పినట్టే, ఆఖరికి ఆమెకు చెప్పకుండా గుప్పెడు ఉలవ గుగ్గిళ్ళు కూడా, వాసన చూసి ఇవేం రాళ్ళు అన్నట్టు మొహం తిప్పుకుంది, ఉలవల విలువ తెలియని దేశపు గుర్రం, ఇక ఇది దిష్టే, నుదుట తెల్లచార, నేరేడుపండు నిగనిగ, దిగిన గంటలో శాలంతా వచ్చి నోరు తెరుచుకుని చూసింది, మలక్‌పేటలో ఉస్తాదు దశరథరామయ్య చెప్పేవాడు, తినే గుర్రం మీద పరాయి కన్ను పడితే పచ్చగడ్డి గూడ ఎండిపోతదిరా, అందుకే మొదటిరోజే కొట్టం కమ్మీలకు చుట్టూ గోనెపట్టా కట్టేశాడు, ఈగ కూడా తొంగిచూడకుండా, తను బయట నిలబడి కాపలా, అతిథి తినకుండా తనెలా తింటాడు, పొద్దుటి నుంచి మంచినీళ్ళే.

అంకుల్, యూ ఆల్సో నెవర్ ఈట్ ఆ, అంటూ రుచిత గొడుగు ముడుచుకుంటూ వచ్చింది, వాళ్ళమ్మ కాత్యాయని పులిహోర డబ్బా ఇచ్చి పంపింది, ఆకలి రుచి ఎరగదంటారు, ఈ రుచిత మాత్రం ఎదుటివాళ్ళ ఆకలి ఎరుగును, అది తిన్నంక తింటనమ్మా అన్నాడు, డోంట్ బీ లైక్ దట్ లా అంకుల్, మీరు పడిపోతే జావాని ఎవరు చూస్తారు, అని గోనెపట్టా ఎత్తి లోపలికి లాక్కెళ్ళి, బోర్లించిన బకెట్టు మీద కూర్చోబెట్టి డబ్బా మూత తీసింది, సరే తప్పదని ఒక ముద్ద, చింతపండు పులుపుకు కళ్ళు మూతపడ్డాయి, వేరుశనగ పలుకు పళ్ళ కింద పటుక్కుమంది, జావా చెవి ఇటు తిరిగింది.

ఒక్క చెవే, ఆకు కదిలినట్టు, ఊపిరి బిగబట్టి ఇంకో పలుకు కొరికాడు, రెండో చెవి కూడా, నమలడం ఆపాడు, చెవులు రెండూ గోనెపట్టా వైపు తిరిగాయి, అవతల కొట్టంలో ముసలి ఆడగుర్రం కరకరా గడ్డి నములుతోంది, ఆ చప్పుడుకు మెడ చాచి, పట్టాను మూతితో నెట్టి, మళ్ళీ వెనక్కి, అరె, రెండు రోజులుగా ఇదే చేస్తోంది కదా, తను కోపమనుకున్నాడు, నిరుడు దిగిన కొత్తలో బూన్ లే పనివాళ్ళ గదిలో పస్తున్న ఆ మూడు రోజులు గుర్తొచ్చాయి, గదిలో అందరూ డ్యూటీలకు పోయాక గోడకేసి చూస్తూ అన్నం కెలకడం, నాలుగోరోజు తంజావూరు ముసలాయన సాంబారన్నం తెచ్చుకుని ఎదురుగా కూర్చుని, సాప్పిడప్పా, తినవయ్యా, అని కూడా అనకుండా, జుర్రుమంటూ తిన్నాడు, ఆ జుర్రు విని తన చెయ్యి దానంతటదే ముద్ద కలిపింది, ఉస్తాదూ, అనుకున్నాడు మనసులో, ఇది మంద జంతువు, పక్కది తల వంచి మేస్తుంటేనే పులి రాలేదని దీనికి నమ్మకం, పక్కన ఎవరూ కనబడకపోతే కాపలా ఇదే కాయాలి, బయట నేను కాపలా, లోపల ఇది కాపలా, ఇద్దరం పస్తు, దిష్టి తీయబోయి దృష్టే తీసేశానే.

లేచి పట్టా ముడి పట్టుకున్నాడు, ఊడలేదు, పళ్ళతో లాగాడు, పట్టా జారి పడింది, ముసలి గుర్రం ఒకసారి చూసి, పెద్ద విశేషమేం కాదన్నట్టు మళ్ళీ గడ్డిలో తల పెట్టింది, జావా బుస్సుమని ఒక్క నిట్టూర్పు విడిచింది, రెండు రోజుల తర్వాత ఇప్పుడే విమానం దిగినట్టు, తల వంచింది, ఒక పోచ, మరో నాలుగు, తర్వాత నోటినిండా, కరకర, రుచిత కళ్ళు తుడుచుకుంటూ డాడీకి ఫోన్ చెయ్యనా అంకుల్ అని గుసగుసలాడింది, ష్, ఫోన్ తర్వాత, నువ్వు గూడ కూసో, తిను, ఇంత కొండంత ఒళ్ళు, సముద్రం దాటిన గుండె, ఒక ముసలిది నమిలే చప్పుడు కోసం ఆగింది, ఏడుకొండలు మళ్ళీ బకెట్టు మీద కూర్చుని డబ్బా ఒళ్ళో పెట్టుకున్నాడు, వాకిట్లో డాక్టరమ్మ బూట్ల చప్పుడు, అయిదయింది, అతను వెనక్కి తిరగలేదు, తిరిగితే నమలడం ఆపాలి, ఎవరి ఆకలికి వాళ్ళే కాపలా ఉండలేరు, ఎవరో ఒకరు పక్కన కూర్చుని నమలాలి, ఇప్పుడా ఒకరు తను, ఇంకో పలుకు, గట్టిగా, పటుక్కుమని.