పన్నెండో మూత

పదకొండే ఏమిటి, మళ్ళీ లెక్కపెడతాను, సంచి ఒళ్ళో బోర్లించాను, బస్సులో పక్క సీటావిడ ఇదేం చోద్యమన్నట్టు చూస్తోంది, చూడనీ, ఎర్ర ప్లాస్టిక్ మూతలు పదకొండు, రికార్డు గది పైకప్పుకు పొగ అలారాలు పన్నెండు, బీరువాలు దులిపే రోజు దుమ్మును పొగ అనుకుని అవి గోల పెడతాయని పొద్దున నేనే నిచ్చెనెక్కి పన్నెండింటికీ మూతలు తొడిగాను, ఒంటిగంటకు బయలుదేరే ముందు నేనే తీశాను, తీశానా, ఒకటి చెయ్యిజారి బీరువా కిందికి దొర్లిందేమో, మరిచిపోయానేమో, మా ఇంటిల్లిపాదికీ మతిమరుపే, అమ్మ కళ్ళజోడు పెట్టుకునే కళ్ళజోడు వెతుకుతుంది, నవ్వొస్తోందేమిటి నాకు ఇప్పుడు, నూట అరవై ఏళ్ళ కాగితాలు, జననాలు, మరణాలు, పొలాల హద్దులు, అన్నీ చేత్తో రాసినవి, రెండో ప్రతి లేనివి, మూత ఉంటే అలారం ఉన్నా లేనట్టే, పైగా లోపల బాబాయి ఉన్నాడు.

బాబాయి, మా నాన్న తమ్ముడు, ఆ గదిలోనే మూల బల్ల దగ్గర చిరిగిన రిజిస్టర్లకు అట్టలు కట్టే బైండరు, సాయంత్రం దాకా అక్కడే ఉంటాడు, తడి జిగురు ఆరడానికి ఇస్త్రీపెట్టెతో అద్దుతుంటాడు, అన్నం తినగానే కునుకు తీయందే ఆయనకు చెయ్యి ఆడదు, ఫోను మోగుతోంది, ఎత్తడు, ఎత్తవయ్యా బాబూ, చొక్కా విప్పి మేకుకు తగిలించి ఉంటాడు, ఫోను దాని జేబులో, కండక్టర్ గారూ ఆపండి, ఇక్కడ స్టాపు లేదమ్మా, లేకపోతే దూకేస్తానండీ, దిగాను, పరుగు, చెప్పు తెగింది, తెగనీ, నాకు పదేళ్ళప్పుడు బాబాయే వేళ్ళు పట్టుకుని పాత కాగితం తిప్పడం నేర్పాడు, ఊపిరి బిగబట్టవే అమ్మడూ, నీ ఊపిరి తగిలినా చిట్లిపోయే కాగితం ఇది, బిగబట్టలేను బాబాయ్, పరుగెత్తాలి, ఎక్కడిదీ పన్నెండోది, కిటికీ దగ్గరిది తీశాను, తలుపు మీదది తీశాను, మూల బల్ల దగ్గర నిచ్చెన వేశాను కదా, వేశాక ఏదో మాట్లాడుకున్నాం, ఏం మాట్లాడుకున్నాం.

తలుపు తోశాను, మాడు వాసన, బాబాయి బల్ల మీద తల వాల్చి నిద్రపోతున్నాడు, మోచేతి పక్కన ఇస్త్రీపెట్టె ఒరిగిపోయి అట్టముక్కను నల్లగా కాలుస్తోంది, సన్నటి పొగ తిన్నగా పైకి లేచి ఎర్ర మూతకు తగిలి చెదిరిపోతోంది, అలారం కిక్కురుమనదు, ప్లగ్గు పీకేశాను, జిగురు కలిపే నీళ్ళు అట్ట మీద గుమ్మరించాను, జానెడు దూరంలో కుట్లు విప్పిన జనన రిజిస్టరు, దానికి ఇంకా ఏమీ కాలేదు, దాన్ని దూరంగా జరిపాను, బాబాయి ఉలిక్కిపడి లేచాడు, ఏంటే మళ్ళీ వచ్చావ్, ఏమన్నా మరిచిపోయావా, అప్పుడు వినబడింది నాకు, ఒంటిగంటకు నిచ్చెన మీదున్న నాతో ఆయన అన్న మాట, అమ్మడూ, నా నెత్తి మీదది మాత్రం వదిలేయవే, ఇస్త్రీ ఆవిరి తగిలితే చాలు కుయ్యోమంటుంది, దడుచుకుని చస్తున్నా, నేను నవ్వాను, నవ్వి సరేలే బాబాయ్ అని నిచ్చెన దిగాను, దారంతా మతిమరుపును తిట్టుకుంటూ వచ్చాను, పాపం దాని తప్పేం లేదు, లేదు బాబాయ్, మరిచిపోలేదు, నీ మాట కాదనలేక నేనే వదిలేశాను.