ఆదెమ్మ వెంట వచ్చిన గాలి

మే నెలలో ఆ సర్కారు దవాఖానాకు వచ్చేవాళ్ళు ఒక చేత్తో పిల్లను, ఇంకో చేత్తో టేబుల్ ఫ్యానును పట్టుకుని వస్తారు. అది అక్కడి ఆనవాయితీ. చాప, చెంబు మరిచిపోతే ఎవరో ఒకరు ఇస్తారు గాని, ఫ్యాను మరిచిపోతే మాత్రం పక్క మంచం వాళ్ళ దయ మీద బతకాలి. పిల్లల వార్డులో పైన ఫ్యాన్లు ఉన్నాయి, తిరుగుతాయి కూడా. కాకపోతే కూర్చుని రెక్కలు లెక్కపెట్టుకోవచ్చు. కిటికీలకు చెక్కలు కొట్టేశారు. అది కోతుల పుణ్యం. అరటిపండ్లు ఎత్తుకుపోయినన్నాళ్ళు అందరూ ఊరుకున్నారు. ఒకనాడు గ్లూకోజు సీసా పట్టుకుని చెట్టెక్కేసరికి వడ్రంగిని పిలిచారు. కోతుల రాక ఆగింది, గాలి రాకా ఆగింది. మళ్ళీ ఆ మేకులు పీకించే తీరిక ఎవరికి ఉంటుంది?

మనవరాలు భవానికి జ్వరమని కబురు అందగానే ఆదెమ్మ ములకలపల్లి దగ్గరి పల్లె నుంచి బస్సెక్కింది. ఫ్యాను తేలేదు. ఆమె గాలి మాత్రం వెంట వచ్చింది. అది అత్త పోతూ పోతూ ఆమెకు అప్పజెప్పిన గాలి. వాకిట్లో పడి ఉంటుంది, పిలిస్తే వస్తుంది. వడ్లు తూర్పార పట్టే రోజుల్లో ఊళ్ళో వాళ్ళు అడిగి తీసుకుపోయి పొద్దుగూకేసరికి తెచ్చి వదులుతారు. బస్సులో కండక్టర్ ఆదెమ్మకు ఆడవాళ్ళకిచ్చే ఉచిత జీరో టికెట్ కొట్టి, "దాన్ని ఎనక సీట్లకు పొమ్మను పెద్దమ్మా, నా కాయితాలు ఎగిరిపోతున్నయ్" అన్నాడు.

వార్డు తలుపు దగ్గర ఆదెమ్మ ఆగి, "నువ్వు ఈడనే ఉండు" అని గాలికి చెప్పి తలుపు మూసింది.

జ్వరమున్న పిల్లకు గాలి తగలకూడదని అందరూ అంటారు. ఆదెమ్మకు మాత్రం అది ఉత్త మాట కాదు. ఆమె మొదటి కొడుకు గోపాలు భవాని ఈడున జ్వరంతో పడ్డాడు. కాపలా కూర్చున్న ఆదెమ్మకు కునుకు పట్టింది. లేచి చూస్తే తలుపు తీసి ఉంది, గాలి లోపలికి వచ్చి పిల్లవాడి పక్కన పడుకుని ఉంది, పిల్లవాడిలో ఊపిరి లేదు. ఆనాటి నుంచి ఆమె గాలిని గడప తొక్కనివ్వలేదు. అత్త ఇచ్చింది కనుక తరిమేయనూ లేదు. పని చెప్పేది, అంతకు మించి మాట్లాడేది కాదు.

భవాని ఒళ్ళు పెనంలా కాలుతోంది. తల్లి శోభారాణి దుప్పటి తీసి తడిగుడ్డతో తుడుస్తుంటే, ఆదెమ్మ మళ్ళీ దుప్పటి కప్పుతోంది. పొద్దున ఒకసారి ఫిట్స్ వచ్చాయి. "మందులు నడుస్తున్నయ్. ఈ ఉడుకుకు జొరం దిగుతలేదు. మళ్ళీ ఫిట్స్ వస్తే ఖమ్మం పంపుడే" అన్నాడు డాక్టర్ హరిప్రసాద్. అంబులెన్సు కూడా తెప్పించి నిలబెట్టాడు. ఆ ఎండలో, అంత దూరం, అట్లా కాలిపోతున్న పిల్లతో ప్రయాణమంటే శోభారాణికి మనసొప్పలేదు.

మధ్యాహ్నం కరెంటు పోయింది. ఫ్యాన్లు ఆగాయి, పిల్లలు ఏడుపు మొదలుపెట్టారు. తల్లులు అట్టముక్కలు, ఎక్స్‌రే కవర్లు, కొంగులు ఏది దొరికితే దానితో విసురుతున్నారు. భవాని ఏడవడం లేదు. కళ్ళు తేలేస్తోంది.

సత్తుపల్లి వైపు నుంచి వచ్చి ఇక్కడ పనిచేస్తున్న నర్సు నాగలత అప్పుడే తలుపు తోసుకుని వచ్చింది. "వరండాలో చెప్పులన్నీ చెల్లాచెదురు చేస్తోంది, ఆ గాలి ఎవరిది?"

"మా అమ్మదే సిస్టర్" అంది శోభారాణి.

"మరి లోపలికి పిలవరేంటి?"

"పిలవ" అంది ఆదెమ్మ. "నా కొడుకును మింగింది అది."

నాగలత మంచం అంచున కూర్చుని భవాని చెయ్యి పట్టుకుంది. "బాబుకి ఏం మందు వేశారు పెద్దమ్మా?"

"మందెక్కడిది బిడ్డా? వానలు. వాగు దాటనియ్యలే. ఉన్న దుప్పట్లన్నీ కప్పి కూసున్న."

"అయితే బాబుని తీసుకుపోయింది జ్వరమే. ఆఖరికి వాడికి కాస్త చల్లగా తగిలింది ఆ గాలి ఒక్కటే."

ఆదెమ్మ దుప్పటి అంచు సర్దబోయి ఆగింది.

"అమ్మా, నా బిడ్డ నాకు కావాలె" అంది శోభారాణి మెల్లగా.

ఆదెమ్మ లేచి తలుపు తీసింది. గాలి కదలలేదు. ఇన్నేళ్ళు వద్దన్న గడప ఒక్కసారిగా దాటమంటే దానికీ నమ్మకం కుదరలేదు. ఆదెమ్మ వెనక్కి వెళ్ళి, దుప్పటి తన చేత్తోనే తీసి మడిచి, మళ్ళీ గుమ్మం దగ్గరికి వచ్చింది.

"పిల్ల కాలిపోతాంది. రా."

గాలి వచ్చింది. కొత్త ఇంట్లోకి వచ్చినట్టు ముందు గోడవారగా నడిచింది. చంటిపిల్లల మెడల కింద చెమట ఆరబెట్టింది. ఏడుపులు ఒక్కొక్కటే సద్దుమణిగాయి. చివరికి భవాని మంచమెక్కి, తడి గౌను మీద నెమ్మదిగా ఆడింది. నాగలత మాటిమాటికీ థర్మామీటరు పెట్టి చూస్తూనే ఉంది. కొంతసేపటికి పిల్ల కళ్ళు నిలకడపడ్డాయి. కరెంటు వచ్చినా ఎవరూ ఫ్యాన్లు వేయలేదు.

"అమ్మమ్మా, ఆకలైతాంది" అంది భవాని.

డాక్టర్ వచ్చి చూసి అంబులెన్సును పంపేశాడు. "ఖాళీ బండి తోలుకపోవుడంత సుఖం ఇంకోటి లేదు సార్" అన్నాడు డ్రైవర్ కిషోర్. శోభారాణి నవ్వి, జావ తేవడానికి క్యాంటీనుకు పరుగెత్తింది.

భవాని పడుకుంది. గాలి ఆమె తలాపున చేరి తానూ పడుకుంది. ఆదెమ్మ చాలాసేపు దానివంకే చూసింది. తర్వాత కింద కూర్చుని, ఇన్నేళ్ళలో మొదటిసారి దాన్ని ఒక మాట అడిగింది.

"ఆ పొద్దు నేను పండుకున్న. నువ్వు చూసినవు. వాడు నన్ను అడిగిండా?"

గాలికి మాటలు రావు. అది లేచి వచ్చి ఆమె వీపు మీద వాలి, మెడ చుట్టూ చేరింది. గోపాలు కూడా అట్లాగే వెనక నుంచి వచ్చి రెండు చేతులూ వేసేవాడు. ఆదెమ్మ కరువుతీరా ఏడ్చింది. జావ గ్లాసుతో వచ్చిన శోభారాణి గ్లాసు కింద పెట్టి తల్లి పక్కన కూర్చుంది.