నర్సింగన్న పులుసుకు చేప కావలెను

“సీబ్ బాస్‌ను పట్టు!”

ఫోన్లో మల్లేశానికి వినిపించింది ఇదే. వెనక కాంక్రీటు మిక్సరు గరగరా తిరుగుతూ సగం మాటల్ని కంకరతో కలిపి మింగేస్తోంది.

“ఎట్ల పట్టాలె సమీ భాయ్?”

“మెత్తటి ఎర వెయ్యి. సప్పుడు చెయ్యకు. నోట్లె వడ్డదాక ఆగు. వడ్డంక ఇడువకు!”

సమీయుల్లా మస్కట్‌లోని మత్రా సూక్ బజారు పక్క సందులో గాలాలు, దారాలు, రీళ్లు అమ్మే కొట్టులో పనిచేసే హైదరాబాదీ. రీలు చూపించి రియాలు తీయించగలడు గానీ, రియల్‌గా చేప పట్టించగలడా అన్నది వేరే సంగతి. మల్లేశమేమో జగిత్యాల దిక్కు మనిషి. రాడ్ బైండింగ్ పని. పొద్దంతా సైట్‌లో ఇనుప రాడ్లు కట్టేవాడికి ఇప్పుడు ఇంకో రకం రాడ్‌తో పని పడింది. కారణం నర్సింగ్.

హమ్రియాలో వాళ్లుండే రూమ్‌కి నర్సింగే పెద్ద దిక్కు. వాళ్లకు జీతం ఇచ్చింది కంపెనీ అయితే, జీవితం నిలబెట్టింది ఆయన. మల్లేశం కామెర్లతో మంచం పట్టినప్పుడు, డ్యూటీ నుంచి వచ్చి కాళ్లైనా కడుక్కోకుండా చారన్నం పిసికి తినిపించినవాడు. ఇప్పుడు మోకాళ్లు అరిగి, పరంజా ఎక్కలేక, పూర్తిగా ఇంటికి వెళ్లిపోతున్నాడు. విమానం వచ్చే వారం, శనివారం.

“పొయ్యే ముందు ఏం తింటవే అన్నా?” అని రూమంతా అడిగింది.

“శాపల పులుసు. కొన్నది గాదు. ఆ ఐసు శాప నాకద్దు. మనోడు పట్టింది గావాలె.”

అని మల్లేశం వైపు చూశాడు. చూడడా మరి! తాను చేపలు పట్టే ఇంట పుట్టాననీ, నీళ్లలో చేప తోకాడిస్తే ఒడ్డున తన చెవి ఆడుతుందనీ మల్లేశం కోసిన కోతలు అన్నీ ఇన్నీ కావు. అన్ని కోతలు కోసినవాడు ఇప్పుడు ఒక్క చేప కోసి పెట్టాలి.

ఇక సీబ్ బాస్ ఎవరన్న సందేహమే అతనికి కలగలేదు. ఊళ్లో చెరువుంటే చెరువుకో కాంట్రాక్టరుంటాడు. ఆయన ఊఁ అననిదే చేప కాదు కదా, కప్ప కూడా ఒడ్డెక్కదు. అంత చెరువుకే ఒక బాస్ ఉంటే ఇంత సముద్రానికి ఉండడా? సీబ్‌లో విల్లాలు కడుతున్న తమ సైట్ ఇన్‌చార్జి జిలానినే అందరూ సీబ్ బాస్ అంటారు. అయితే ఆయనే!

శుక్రవారం పొద్దున్నే, సెలవు నిద్ర కూడా తీరని జిలాని గుమ్మం ముందు మల్లేశం హల్వా డబ్బాతో ప్రత్యక్షమయ్యాడు. ఒమానీ హల్వా కంటే మెత్తటి ఎర మస్కట్ మొత్తంలో దొరకదు.

“ఏమప్పా, ఈ పొద్దు పండగేమన్నా ఉండాదా?” అన్నాడు కడప మనిషి జిలాని.

మల్లేశం సప్పుడు చేయలేదు. జిలాని ఇంత హల్వా తీసి నోట్లో వేసుకున్నాడు. నోట్లో పడింది!

“సార్, శాప!”

జిలాని దవడ ఆగిపోయింది. “శాపమా? పొద్దన్నే నన్నెందుకు శపిస్తాండావు?”

“శాపం గాదు సార్, శాప! మీ సముద్రంల ఒక్కటంటె ఒక్క శాప పట్టుకుంట. పర్మిషన్ ఇయ్యున్రి.”

“నా సముద్రమా!” జిలానికి నవ్వొచ్చి హల్వా గొంతుకు అడ్డం పడింది. “ఈ దేశంలో నేను కూర్చునే కుర్చీ కూడా నాది కాదప్పా. సముద్రానికి నన్ను బాస్‌ను జేసిందెవరు?”

అక్కణ్ణుంచే ఫోన్ చేస్తే సమీయుల్లా నెత్తి కొట్టుకున్న చప్పుడు మత్రా నుంచి సీబ్ దాకా వినిపించింది.

“అరే యార్, సీ బాస్! సీ అంటె సముద్రం, బాస్ అంటె శాప. ఈడ దొరికే హమూర్ శాప గూడ దాని ఖాన్‌దానే. నువ్వు వోయి మనిషికి ఎరేసినవా? దుకాణానికి రా. పర్మిట్ సంగతి నేను చూస్త. పహలే పఢ్, ఫిర్ పకడ్!”

ముందు చదువు, తర్వాత పట్టు అన్నమాట. ఒక పాత గాలపు రాడ్‌నూ, ఎవరో కొట్టులో వదిలేసి పోయిన లావుపాటి ఇంగ్లీషు పుస్తకాన్నీ మల్లేశం చేతిలో పెట్టాడు. “పిండి ముద్ద పెట్టకు, ఉప్పు నీళ్లల్ల కరిగిపోతది. సర్దీన్ శాప ముక్క గుచ్చు. గాలం మొనను గోరు మీద గుంజి చూడు. జారిందంటె మొద్దువారినట్టే.”

పుస్తకం చదివి చెప్పే భారం రూమ్‌లో ఉండే ఎలక్ట్రీషియన్ కుమార్ మీద పడింది.

“ముడి బిగించే ముందు దారానికి ఉమ్మి రాయాల్నట మామా. లేకుంటె రాపిడికి తెగుతదట.”

“ఉమ్మి ముడా? మాది ఉమ్మడి కుటుంబమే, ఉమ్ముతం. ఇంకేముంది?”

“కూలిన చెట్ల కింద, తామరాకుల నీడల ఎతకాలె.”

“సీబ్‌ల తామరాకులెక్కడియిరా?”

“నన్నంటవేంది? పుస్తకం అమెరికా చెరువులది!”

చదివింది చెరువు, చేరాల్సింది సముద్రం. అయినా మల్లేశం పట్టు వదల్లేదు. డ్యూటీ దిగగానే డాబా మీద గాలం విసరడం సాధన చేశాడు. తొలి వేటలో కుమార్ బనియను పడింది. అది కూడా ఆరేసింది కాదు, తొడుక్కున్నది.

మరుసటి శుక్రవారమే ఆఖరి సెలవు. తెల్లారేసరికి సీబ్ ఒడ్డున ఉన్నాడు. గాలం వేస్తే గాలే పడింది. మళ్లీ వేస్తే నాచు. ఇంకోసారి వేస్తే జోడు లేని చెప్పు. చివరికి గాలం రాయిలో ఇరుక్కుని దారం పుటుక్కున తెగింది. ఉమ్మి ముడి భేషుగ్గా ఉంది, దారమే ముడికి పైన తెగింది!

మల్లేశం ఇసుకలో కూలబడ్డాడు. కాస్త దూరంలోనే చేపల మార్కెట్. చెయ్యి జేబు దాకా వెళ్లింది. “కొన్నది గాదు” అన్న మాట గుర్తొచ్చి వెనక్కి వచ్చింది. ఒకప్పుడు తన నోట్లో ముద్ద పెట్టిన మనిషి రేపు వెళ్లిపోతాడు. అడిగింది ఒక్క చేప.

“తాల్! తాల్!”

తల తిప్పి చూశాడు. కుమ్మా టోపీ పెట్టుకున్న ఒక ముసలాయన రమ్మని చేతులూపుతున్నాడు. సముద్రంలో వేసిన పెద్ద వలకు రెండు తాళ్లు. ఒకదాన్ని పికప్ బండి లాగుతోంది. రెండోదాన్ని లాగడానికి మనుషులు చాలడం లేదు. మల్లేశం రాడ్‌ను ఇసుకలో గుచ్చి పరిగెత్తాడు.

తాడు చేతికి తగలగానే పుస్తకం చదవని కాళ్లు వాటంతటవే మడమల దాకా ఇసుకలో దిగబడ్డాయి. వెనక్కి వాలడం, అడుగు వేయడం, తాడు చివరికి చేరగానే మళ్లీ ముందుకెళ్లి అందుకోవడం. గాలం ముందు తడబడిన చేతులకు వల ముందు తడబాటే లేదు. వలస వచ్చినవాడు వల మరచిపోలేదు! “హైలెస్సా!” అని అరిచాడు. అర్థం కాకపోయినా అందరూ అదే ఊపున లాగారు. వల ఒడ్డుకొచ్చేసరికి వెండి పోసినట్టు సర్దీన్లు.

మల్లేశం చేతులు దులుపుకుని వెళ్లబోతుంటే ముసలాయన కేకేసి ఆపాడు. సర్దీన్ల మధ్య నుంచి మూరెడు చేపను లాగి అతని చేతుల్లో పెట్టాడు. మల్లేశం జేబులో చెయ్యి పెట్టగానే, “లా, లా!” అని వద్దంటూ ఆ చేతి మీద చిన్నగా చరిచాడు. తాడును చూపించాడు, మల్లేశాన్ని చూపించాడు, నవ్వాడు.

సాయంత్రం రూమ్‌లో పొలుసు వలిచింది కుమార్, పులుసు పెట్టింది నర్సింగే. తన వీడ్కోలు వంటను ఇంకొకరిని చేయనివ్వలేదు. మల్లేశం మాత్రం తెచ్చిన దగ్గర్నుంచీ మౌనంగానే ఉన్నాడు. అందరూ కంచాల ముందు కూర్చున్నాక కుమార్ ఇక ఆగలేకపోయాడు.

“మామా, నిజం జెప్పు. దీని మూతికి గాలం గుచ్చిన జాడ లేదు. నీ రాడ్‌కు గాలమే లేదు. మార్కెట్‌ల కొన్నవా?”

నర్సింగ్ చెయ్యి కంచంలో ఆగిపోయింది. “కొన్నదైతె కొన్నదను మల్లేశం. తింట. గని ఎల్లిపొయ్యేటోనికి అబద్ధం పెట్టకు.” అన్నాడు గానీ, కంచం ఒక బెత్తెడు దూరం జరిగింది.

“కొనలేదన్నా. పట్టలేదు గూడ.”

“కొనక, పట్టక, అదే ఎగిరి నీ సంచిల దుంకిందా?” అన్నాడు కుమార్.

“గుంజిన్రా! పెద్ద వల ఏసిన్రు, తాడు గుంజెతందుకు మనుషులు సాలలేదు. ముసలాయన పిలిస్తె పోయిన. ఆడ తాడు వట్టినోళ్లందరికి వాటా ఉంటదని సైగ జేసిండు. పైసలియ్యవోతె చెయ్యి మీద కొట్టిండు. నేనే పట్టిన అందామంటె అంతమంది గుంజితె వచ్చిన శాప. కొన్న అంటె అబద్ధం. ఏమనాల్నో తెల్వక నోరు మూసుకున్న.”

నర్సింగ్ అడిగాడు: “ఊర్ల చెరువు దిగినప్పుడు మీ నాయిన ఒక్కడే వల గుంజెనా?”

“ఒక్కడెట్ల గుంజుతడన్నా? వాడకట్టంత గుంజేది.”

“మరి ఎవలు పట్టిన్రు శాపలంటె ఏమనేటోడు?”

“మేమే పట్టినమనేటోడు.”

నర్సింగ్ కంచాన్ని దగ్గరికి లాక్కున్నాడు. “ఇన్నవా కుమార్? కొన్నది గాదట. ఎయ్యి, ఇంకింత పులుసెయ్యి.”