మోదుగాకు ఫొటో

లక్ష్మణ్ సారుకు కోపం వచ్చేది ఒకే ఒక్క విషయానికి. క్లాసు ఎగ్గొట్టినా ఏమీ అనడు. పరీక్షలో తంగేడు బొమ్మ కింద తుమ్మ అని రాసినా నవ్వి ఊరుకుంటాడు. కానీ ఒకసారి ఫొటో తీసిన ప్లేటు మీద మళ్లీ ఇంకో ఫొటో తీశావో, ఇక నీ పని అయిపోయినట్టే. మా క్లాసు రాజమల్లు ఆ పని చేశాడు. పాలకుర్తి గుట్ట మీద ఒకే ప్లేటులో జిల్లేడునూ పరికి చెట్టునూ కలిపేశాడు. ప్రింటు చేతికొచ్చిన రోజున సారు వాడిని కాలేజీ వరండాలో నిలబెట్టి కడిగేశాడు.

"అరే దున్నపోతా! గది గాజు ప్లేటు రా. బడి పలక గాదు, తుడిచి మళ్ల రాయనీకె."

తిట్టడం అయ్యాక పాఠం కూడా చెప్పాడు. మా సారుకు అదొక జబ్బు. "సూడుండ్రి. మొక్క ఎనక తెల్లగుడ్డ పట్టినమా? ఆ తెలుపు వడ్డ జాగల ప్లేటు నిండిపోతది. అండ్ల ఇంకేమి పట్టదు. జిల్లేడాకు ఉన్న జాగ ఖాళీగ ఉన్నది. రెండో బొమ్మ గండ్లనే వడ్డది." నిజంగానే పరికి చెట్టు జిల్లేడాకుల లోపలే కనిపించింది. ఆకు అంచు దాటితే ఏమీ లేదు, అంతా తెలుపు. రాజమల్లు దాన్ని కొత్త జాతి మొక్క అన్నాడు. దానికి మళ్లీ తిట్లు తిన్నాడు.

సారు మాకు వృక్షశాస్త్రం చెప్పేవాడు. పుస్తకాల నిండా సీమచెట్ల బొమ్మలే ఉన్నాయని ఆయన బాధ. మన చెట్ల బొమ్మలు మనమే తీసుకోవాలని, సెలవులొస్తే చాలు మమ్మల్ని గుట్టలకూ అడవులకూ తోలుకుపోయేవాడు. మూడుకాళ్ల కర్ర మీద నిలబెట్టే పెద్ద పెట్టె కెమెరా, నల్లగుడ్డ, చెక్క చట్రాల్లో బిగించిన గాజు ప్లేట్లు. మొక్క వెనక సారుదే ఒక తెల్లపంచె పరిచి ఇద్దరు చెరో కొసా పట్టుకోవాలి. ఆకు అంచు స్పష్టంగా రావాలంటే అదే పద్ధతి. ఫొటో తీసిన చట్రం మీద సుద్దముక్కతో గీత పెట్టాలి. గీత ఉన్నదాన్ని మళ్లీ ముట్టుకోకూడదు. రాజమల్లు చేసిన ఆ పని తర్వాత కెమెరా నాది, పంచె వాడిది. జనగామలో మిషన్ దొర దగ్గర చిన్నప్పుడే ఫొటోలు నేర్చుకున్నానని ఆ పని నాకు ఇచ్చాడు.

నా పేరు సాంసన్. మా నాయిన పౌలు జనగామలో పిల్లలకు చదువు చెప్తాడు. మా అన్న దానియేలు బొంబాయిలో, పరేల్ మిల్లులో పనిచేస్తున్నాడు. అంటే, మేం అలా చెప్పేవాళ్లం. అన్న కమ్యూనిస్టుల సంగంలో చేరి అడవికి పోయి ఏడాది దాటింది. ఆ అబద్ధాన్ని అల్లింది మా అమ్మ సాలమ్మ. ఏ మిల్లు, ఎవరి గదిలో ఉంటాడు, అక్కడి నీళ్లు పడక కడుపు నొప్పి ఎట్లా వచ్చింది, అన్నీ కూర్చి నాకూ నాయినకూ అప్పజెప్పించింది. ఎందుకంటే మా వాడలో దుర్గయ్య కొడుకు దళంలో ఉన్నాడని తెలిసిన మర్నాడే దుర్గయ్యను క్యాంపుకు తీసుకుపోయారు. మనిషి నడిచి పోయాడు, మంచం మీద తిరిగొచ్చాడు. వారం తిరగకుండా బొంద పెట్టారు. నైజాం రజాకార్లు పోయారు, యూనియన్ మిలిటరీ వచ్చింది. మాకేం తేడా తెలియలేదు. అన్న పేరు బయటపడితే తర్వాతి వంతు నాయినది, అంతే.

నిజం చెప్పాలంటే అప్పటికే నాకు దేనికీ ఏమీ అనిపించడం మానేసింది. మొదట్లో భయపడ్డాను. తర్వాత అన్న మీద కోపమొచ్చింది, మమ్మల్ని ఇట్లా వదిలి పోయాడని. ఆ తర్వాత కోపం కూడా పోయింది. తినడం, చదవడం, ఫొటోలు తీయడం. మానుకోట అడవిలో ఇప్పపూలు రాలుతుంటే రాజమల్లు ఎగిరి గంతులేశాడు, నేను కెమెరా సర్దుకున్నాను. "నీకు నెత్తురుందార?" అని అడిగాడు వాడు. ఉందో లేదో నాకేం తెలుసు!

ఆ ఎండాకాలం భూపాలపల్లి అడవికి పోయాం. పరకాల దాకా బస్సు, అక్కడి నుంచి బండి. అడవి అంచున ఒక పల్లెలో మిలిటరీ క్యాంపు ఉంది. అక్కడ అనుమతి చీటీ చూపించాకే అడవిలో కాలు పెట్టాలి. క్యాంపు జమేదారు అమర్‌సింగ్ మా చట్రాలన్నీ తిరగేసి చూశాడు. చెట్లకు ఫొటోలేందని నవ్వాడు. సారు కూడా ఆయనతో పాటు నవ్వి, మమ్మల్ని బయటికి లాగాడు.

మర్నాడు పొద్దున చల్లగా ఉన్నప్పుడే మోదుగ చెట్టు దొరికింది. పూలు అయిపోయి లేతాకు వచ్చి ఉంది. ఒక్కో కాడకు మూడేసి ఆకులు, అరచేతంత. రాజమల్లూ సారూ పంచె పట్టుకున్నారు. నేను దగ్గరగా జరిగి ఒక రెమ్మనే ప్లేటు నిండా తీశాను. బాగా వచ్చిందని సారు సంబరపడ్డాడు. చట్రం మీద గీత పెట్టాను. అంతలో అడవి లోపలి నుంచి తుపాకుల చప్పుడు వినిపించింది. చాలాసేపు వినిపించి ఆగిపోయింది. సారు కెమెరా మూటకట్టమని చేత్తో సైగ చేశాడు.

ఊళ్లోకి వచ్చేసరికి క్యాంపు ముందర జనాన్ని వరసగా నిలబెట్టారు. ఒక శవాన్ని నులకమంచానికి కట్టి, మంచాన్ని గోడకు ఆనించారు. జమేదారు ఒక్కొక్కరినీ ముందుకు నెట్టి, వీడెవడు, ఏ ఊరు అని అడుగుతున్నాడు. అందరూ ఎరుకలేదనే అంటున్నారు. గట్టమ్మ అని ఒక ముసలామె, ముందు రోజు మాకు మంచినీళ్లు పోసిన ఆమె, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని "మాకెర్కలేదు దొరా, మా దిక్కు పిలగాడు గాదు" అంది.

నేను మొదట గడ్డం చూశాను. అన్న చిన్నప్పుడు గడప మీద పడితే గడ్డం నిలువునా చీలింది. మిషన్ దవాఖానలో కుట్లేశారు. ఆ గీత అట్లాగే ఉంది. పైన మొహమంతా మట్టి. గడ్డం మాత్రం ఎవరో తుడిచినట్టు శుభ్రంగా ఉంది. మా అన్నే. అవును, మా అన్నే అనుకున్నాను. అంతకు మించి ఏమీ అనుకోలేదు.

"ఏయ్ మాస్టర్, ఇధర్ ఆవ్," అని పిలిచాడు జమేదారు. "నీ డబ్బా తే. వీడి మొకం ఫొటో కావాలె. ఊరూరు తిప్పుతం. పేరు దొరుకుతది, పేరు దొరికితే ఇల్లు దొరుకుతది."

సారు ఏదో చెప్పబోయాడు. చెట్ల కోసం తెచ్చిన ప్లేట్లు, మనుషులకు సరిగ్గా పడవు అన్నాడు. జమేదారు తుపాకీ మడమతో కెమెరా పెట్టెను తట్టాడు. సారు నా వంక చూశాడు. అన్న ఒకసారి నన్ను చూడడానికి హాస్టలుకు వచ్చాడు. ఆ రోజు సారు కూడా ఉన్నాడు, గుర్తుందో లేదో నాకు తెలియదు. అంతసేపూ నేను మంచం పక్కనే నిలబడి ఉన్నాను. గట్టమ్మ వచ్చి నా రెక్క పట్టుకుంది.

"గీడ నిలవడకు బిడ్డా. మొకం మీద ఎండ వడ్తాంది. జర అటు జరుగు," అని నన్ను కెమెరా వెనక్కి నెట్టింది. మా అన్నదీ నాదీ ఒకటే ముక్కు అని అందరూ అంటారు. అప్పటిదాకా నాకు ఆ సంగతే తట్టలేదు.

రాజమల్లు పంచె తీసి అన్న తల వెనక పరిచాడు. ఎవరూ చెప్పలేదు, అలవాటు. నేను నల్లగుడ్డ కప్పుకుని అద్దంలో చూశాను. అందులో బొమ్మ ఎప్పుడూ తలకిందులే. గడ్డం పైన, కళ్లు కింద. జమేదారు రెండు తియ్యమన్నాడు. "ఒక్కటే ప్లేటు మిగిలింది సాబ్," అన్నాడు సారు. సంచిలో ఇంకా బోలెడున్నాయని నాకూ తెలుసు, ఆయనకూ తెలుసు.

నేను సంచిలో చెయ్యి పెట్టి గీత ఉన్న చట్రం తీశాను. మోదుగాకుది. కావాలనే తీశాను. భయం కూడా వేయలేదు, అది నా గొప్ప కాదు. సారు ఆ చట్రాన్ని నా చేతిలోంచి తీసుకున్నాడు. సుద్దగీత చూశాడు. ఒక ప్లేటు మీద రెండు ఫొటోలు తీసినవాడిని పశువులన్నిటి పేర్లూ పెట్టి తిట్టే మనిషి, బొటనవేలితో ఆ గీతను తుడిచేశాడు. తానే కెమెరాలో బిగించి, "తియ్యి," అన్నాడు.

తీశాను.

"పంచెకు నెత్తురంటింది సాబ్, మాకు పనికిరాదు," అని సారు పంచెను తీసి అన్న మీద కప్పాడు. జమేదారు పట్టించుకోలేదు. మమ్మల్ని బండెక్కమన్నాడు. ఎండకు శవం ఆగదని సాయంత్రమే కాల్చేశారని తర్వాత తెలిసింది.

ఫొటో కడిగి పంపిన తర్వాత సారును పిలిపించారు. ఆకులు తప్ప మొహం లేదని జమేదారు మండిపడ్డాడట. ప్లేటు పాతదని, పొరపాటు తనదేనని సారు ఒప్పుకున్నాడు. ఆయన్ను క్యాంపులో ఉంచుకున్నారు. తిరిగి వచ్చినప్పుడు కుడిచెయ్యి పైకి లేవడం లేదు. ఆ ఏడాది ఇక అడవులు లేవు, గుట్టలు లేవు. నేను హాస్టలు ఖాళీ చేసే రోజున దాచిపెట్టిన ఒక ప్రింటును ఎడమచేత్తో తీసి ఇచ్చాడు.

"మోదుగాకు మంచిగొచ్చింది సాంసన్. మీ అమ్మకు సూపియ్యి," అన్నాడు. నేను నమస్తే పెట్టాను.

జనగామ చేరాక అమ్మతో చెప్పాలనే కూర్చున్నాను. చెప్పడానికి బదులు ఆ ఏడాది తీసిన ఫొటోలన్నీ ఆమె ఒళ్లో పెట్టాను, ఇది మధ్యలో ఉంచి. అమ్మ ఒక్కోటీ తీసి చూసింది. "గిది తంగేడు. గిది పరికి. గిదేంది, ఇప్పనా?" అని మురిసిపోయింది. మోదుగాకు దగ్గర ఆగింది.

మూడు ఆకులు. చుట్టూ అంతా తెలుపు. పై ఆకులో నుదురు కొంత, ఒక మూసిన కన్ను. పక్క ఆకులో నల్లటి జుట్టో, ఈనెలో తెలియదు. కింది ఆకులో గడ్డం, దాని మధ్యలో నిలువుగా గీత. చూసినవాళ్లెవరైనా అది ఆకు ఈనె అనే అనుకుంటారు. అమ్మ అనుకోలేదు.

ఏడుస్తుందని చూశాను. ఏడవలేదు. బొటనవేలితో ఆ గీతను నిమిరింది, కుట్లేసిన రోజుల్లో మందు రాసినట్టు. తర్వాత అడిగింది.

"కప్పిండ్రా?"

"కప్పినం అవ్వా. సారు పంచె కప్పిండు."

సరేనన్నట్టు తల ఊపింది. అప్పుడొచ్చింది నాకు ఏడుపు. ఇన్నాళ్లూ ఎక్కడుందో ఏమో, ఒక్కసారిగా తన్నుకొచ్చింది. అమ్మ చటుక్కున నా నోరు మూసింది. గడప దగ్గర ఎవరో ఉన్నారు. దుర్గయ్య పెండ్లాం బాలనర్సమ్మ, నిప్పు కోసం వచ్చింది.

"చిన్నోడొచ్చినట్టుంది," అంది ఆమె. "పెద్దోడేమన్న కబురు వంపిండా సాలమ్మా? బొంబాయిల మంచిగున్నడా?"

"మంచిగనే ఉన్నడట అక్కా," అంది అమ్మ. "మిల్లుల సెలవే దొరకదట. నీళ్లు గూడ ఇప్పుడు వడ్తన్నయట."

"ఇంకేం గావాలె," అని బాలనర్సమ్మ, అమ్మ ఒళ్లో ఉన్న ఫొటో వైపు వంగింది. "గిదేంది, ఆకులా?"

"మోదుగాకు. మా చిన్నోడు తీసిండు," అని అమ్మ ఫొటోను ఆమె చేతికి ఇచ్చింది.